ఈ బొమ్మలో జలకన్య కాపాడుతోందా, ముంచుతోందా?

సాగర్‌నగర్ అమ్మ: మా పాపకి పాత పుస్తకాల షాపులో ఆండర్సన్ రాసిన జలకన్య కథ దొరికింది. అందులో బొమ్మ ఫోటో పెట్టాను. ఓడ మునుగుతోంది, జలకన్య రాకుమారుడి వెనక ఉండి గడ్డం కింద చెయ్యి వేసింది. "గొంతు పిసుకుతోందా అమ్మా?" అని పాప భయపడింది. మీకేమనిపిస్తోంది?

కోటవీధి మాస్టారు: ముంచుతోంది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి, అతని కళ్లు మూసుకుపోయాయి. ఉలూపి అర్జునుణ్ని గంగలోకి లాక్కుపోలేదా? అలాంటిదే ఇది.

జాలరిపేట చిన్నోడు: మాస్టారూ, మునిగేవాడి ముందుకెళ్తే మన మెడ పట్టుకుని ఇద్దర్నీ ముంచేస్తాడు. అందుకే వెనకనుంచి వెళ్లి గడ్డం పైకెత్తి ఈదుకొస్తాం. బొమ్మ గీసినాయనకి సముద్రం తెలుసు.

కోటవీధి మాస్టారు: పట్టు సరే బాబూ. కళ్ల సంగతి చెప్పు.

బీచ్‌రోడ్ వాకర్: 1837లో అచ్చయిన కథలోనే ఉంది కదండీ, ఈది ఈది అలసిపోయి అతని కళ్లు మూతపడ్డాయని.

కోటవీధి మాస్టారు: కథ వేరు, బొమ్మ వేరు. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ చెప్పాను. కాపాడేవాళ్ల ముఖం ఇలా గీయరు.

జాలరిపేట చిన్నోడు: కాపాడేవాళ్ల ముఖం మీరెప్పుడైనా చూశారా? మా నాన్న ఆర్కే బీచ్‌లో ఒక కాలేజీ కుర్రాణ్ని లాక్కొస్తుంటే నేను చూశాను. పళ్లు బిగించి ఉన్నాడు. తాగి కొడుతున్నాడేమోనని ఒడ్డుమీద వాళ్లు అరిచారు. మర్నాడు పేపర్లో గట్టుమీద నిలబడ్డ వేరేవాళ్ల ఫోటో వచ్చింది. ఆ కుర్రాడి ఇంటివాళ్లు ఇప్పటికీ మా నాన్న పేరు అడగలేదు.

లాసన్స్‌బే: మీ నాన్నగార్ని ఎవరూ ఏమీ అనలేదు. టాపిక్‌లోకి రండి.

జాలరిపేట చిన్నోడు: ఇదే టాపిక్. రాకుమారుడికి తెలివొచ్చేసరికి ఒడ్డున ఇంకో అమ్మాయి ఉంటుంది. తనని బతికించింది ఆమే అనుకుంటాడు. అసలు బతికించిన పిల్ల రాళ్ల చాటున నురగ కప్పుకుని చూస్తుంటుంది. మీరూ ముఖం చూసే తీర్పు చెప్పేస్తున్నారు మాస్టారూ.

కోటవీధి మాస్టారు: మా తమ్ముడు 1986లో యారాడలో స్నానానికి దిగాడు. మళ్లీ రాలేదు. నీళ్లలోంచి లేచే ఏ చెయ్యయినా నాకు లాగేసే చెయ్యిలాగే కనబడుతుంది బాబూ. నువ్వు చెప్పిన పట్టు నిజమే అయ్యుండొచ్చు. ఆ ముఖం మాత్రం నేను ఒప్పుకోను.

జాలరిపేట చిన్నోడు: అయ్యో, నాకు తెలీదు మాస్టారూ. కానీ ఉలూపి గురించి సగమే చెప్పారు. బభ్రువాహనుడి చేతిలో అర్జునుడు పడిపోతే మణి తెచ్చి లేపింది కూడా ఆమేనండీ.

సాగర్‌నగర్ అమ్మ: చిన్నోడి మాటలు పాపకి చదివాను. మళ్లీ బొమ్మ తీసి వేలుపెట్టి చూపించింది. రాకుమారుడి ముక్కూ నోరూ నీళ్లపైనే ఉన్నాయి. జలకన్య నోరే నీళ్లలో ఉంది.