1000 తర్వాత 1004 రాసిన పిల్లవాడిది తప్పేనా?

గళ్ళనోటు: తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ 1953 పుస్తకంలో ఒక పిల్లవాడున్నాడు. రెండేసి కలుపుతూ పొమ్మంటే 1000 దాకా బాగానే రాస్తాడు. తర్వాత 1004, 1008, 1012. ఇదేంట్రా అంటే, మీరు చెప్పినట్టే చేశాననుకుంటాడు. మనం నేర్పిన లెక్కలన్నీ వెయ్యి లోపలివే. వాడిది తప్పని దేంతో చూపిస్తాం?

తూనికరాయి: రెండు కలపమంటే నాలుగు కలిపాడు. తప్పే.

గళ్ళనోటు: "వెయ్యి దాకా రెండు, ఆపైన నాలుగు" అని వాడికి అర్థమైంది. సరిదిద్దడానికి ఇంకో నియమం చెప్తే దాన్నీ ఇంకోలా తీసుకుంటాడు. క్రిప్కీ అనే ఇంకో తత్వవేత్త 1982లో ఇదే అడిగాడు. 57గానీ, అంతకన్నా పెద్ద సంఖ్యగానీ ఎప్పుడూ కూడనివాడు 68, 57 కలిపి 125 అంటాడు. "ఇన్నాళ్ళూ నువ్వు చేసింది కూడిక కాదు, 57గానీ, అంతకన్నా పెద్ద సంఖ్యగానీ వస్తే 5 ఇచ్చే వేరే లెక్క" అంటే, కాదనడానికి వాడి బుర్రలో ఆధారమేదీ?

మౌని: కాలిక్యులేటర్ ఉందిగా.

గళ్ళనోటు: అది చెడిపోయిందని దేన్నిబట్టి చెప్తారు?

తూనికరాయి: చిన్నప్పుడు పరీక్షలో 2, 4, 8 తర్వాతేంటని అడిగారు. తేడాలు 2, 4 కాబట్టి తర్వాత 6 అనుకుని 14 రాశాను. ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన 16 వేశారు. అడిగితే "క్లాసంతా 16 రాసింది, నీకొక్కడికే వేరే వచ్చిందా" అన్నారు.

పెన్సిల్: అయితే ఆ పిల్లవాడు మీరేగా!

తూనికరాయి: కాదండీ. నాకు మూడు అంకెలిచ్చారు, నియమం చెప్పలేదు. వాడికి చెప్పారు.

గళ్ళనోటు: పాత కోపం తెచ్చి ఇక్కడ పెట్టకండి. అడిగింది ఒకటి, మీరు చెప్పేది ఇంకొకటి.

తూనికరాయి: కోపమే, ఎందుకుండదు? తప్పో ఒప్పో చుట్టూ ఉన్నవాళ్ళే తేలుస్తారన్న చోటికే మీరు వస్తున్నారు. మా మాస్టారి మాటా అదే. రేపు లోకమంతా 68, 57 కలిపితే 5 అంటే ఒప్పైపోతుందా?

గళ్ళనోటు: ఓటేసి తేలుస్తారని నేననలేదు. నేర్పడం, దిద్దడం, పదిమందీ చేస్తూ రావడం, ఇవి లేకపోతే "తప్పు" అన్న మాటకే చోటుండదంటున్నా. నియమం పాటించడం ఒక ఆచరణ అన్నాడు విట్‌గెన్‌స్టైన్. పాటిస్తున్నాననుకుంటే పాటించినట్టు కాదన్నాడు.

తూనికరాయి: ఒక్కడు అనుకుంటే సరిపోదు, ఒప్పుకున్నా. అందరూ కలిసి అనుకుంటే మాత్రం ఎలా సరిపోతుంది?

గళ్ళనోటు: మీరు మొదటే ఇది అడగాల్సింది. దీనికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు.

పెన్సిల్: ఆ 14కి చివరికి మార్కులు వేశారా?

తూనికరాయి: లేదండీ.