సాదియో మానే దానాలు మనస్ఫూర్తిగా చేస్తున్నవేనా? పిల్లలకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: కావలి డ్రిల్లు మాస్టారు

కావలి దగ్గర ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మాది కబడ్డీ ఊరు. అయినా ఈమధ్య పిల్లలు ఫుట్‌బాల్ మీద పడ్డారు. తొమ్మిదో తరగతి వాళ్ళకైతే సెనెగల్ ఆటగాడు సాదియో మానే అంటే ప్రాణం.

శనివారం ప్రార్థన అయ్యాక ఒక క్రీడాకారుడి గురించి కాసేపు చెప్పడం మా బడిలో అలవాటు. ఈసారి మానే గురించి చెప్పమని పిల్లలు పట్టుబట్టారు. ఆ సంగతి ఉపాధ్యాయుల గదిలో చెప్పగానే వాదన మొదలైంది. 2018 సెప్టెంబరులో లివర్‌పూల్ జట్టు లెస్టర్ మీద గెలిచింది. ఆ ఆటలో మానే గోలు కొట్టాడు. అదే రోజు లివర్‌పూల్‌లోని అల్ రహ్మా మసీదులో అతను మరుగుదొడ్లు, కాళ్ళు చేతులు కడుక్కునే చోటు శుభ్రం చేస్తున్న వీడియో బయటికి వచ్చింది. ఇన్నేళ్ళయినా అది ఫోన్లలో తిరుగుతూనే ఉంది. మా తోటి ఉపాధ్యాయుడు ఒకరు ఆ వీడియో చూసి, "తీసేవాడు పక్కన లేకపోతే వీడియో ఎలా వస్తుంది? దేవుడి పేరు చెప్పుకునేవాళ్ళ సేవంతా ఇంతే" అన్నారు. ఉర్దూ చెప్పే మేడం చిన్నబుచ్చుకుని లేచి వెళ్ళిపోయారు.

నాకు తెలిసింది చెబుతాను. మానే పుట్టింది దక్షిణ సెనెగల్‌లోని బంబాలి అనే పల్లెలో. తండ్రి ఆ ఊరి మసీదులో ఇమాం. ఊళ్ళో ఆసుపత్రి లేదు. మానే చిన్నతనంలోనే తండ్రికి కడుపునొప్పి వస్తే నాటు మందులు వాడి, తగ్గక వేరే ఊరికి తీసుకెళ్ళారు. ఆయన అక్కడే చనిపోయాడు. అదే బంబాలిలో మానే తన డబ్బుతో మొదట బడి కట్టించాడు. 2021 జూన్‌లో ఆసుపత్రి తెరిచారు. దానికి దాదాపు ఐదు లక్షల పౌండ్లు పెట్టాడని అప్పట్లో వార్తలు వచ్చాయి. 2022లో ఫ్రాన్స్ ఫుట్‌బాల్ పత్రిక సమాజసేవకు కొత్తగా సోక్రటీస్ పురస్కారం పెట్టి, మొదటిది ఇతనికే ఇచ్చింది.

ఇంత చేసినవాడి మనసును శంకించడం నాకు ఇష్టం లేదు. అలాగని ఆ ప్రశ్నను కొట్టిపారేయనూ లేను. ఆసుపత్రికి వెళ్ళే రోగికి కట్టించినవాడి మనసుతో పని లేదు, వైద్యం అందితే చాలు. నా పిల్లల సంగతి వేరు. వాళ్ళు మానేలా ఉండాలనుకుంటున్నారు. అతని మంచితనం పైపూత అయితే, వాళ్ళు నేర్చుకునేది ఆ పూతే. అందుకే అడుగుతున్నాను: బయటికి కనబడేలా చేసిన దానం నిజమో కాదో ఎలా పోల్చుకోవాలి?

సమాధానం: కందుకూరు పాఠకుడు

మాస్టారూ, మీ తోటి ఉపాధ్యాయుడు అన్న మాటలో మతం సంగతి పక్కనపెడితే మిగతాది నిజమే. మన దగ్గర పుట్టినరోజు వస్తే నాయకుడు ఆసుపత్రికి వెళ్ళి పండ్లు పంచుతాడు. ఒక్క బ్రెడ్డు పొట్లాన్ని ఎనిమిది మంది పట్టుకుని, మంచం మీది ముసలమ్మను మధ్యలో పెట్టి ఫోటో దిగుతారు. మర్నాడు ఊరంతా ఫ్లెక్సీలు. ఆ ముసలమ్మను ఫోటోకు సరేనా అని అడిగినవారు ఉండరు.

పెద్ద ఆటగాడి పేరుకు మార్కెట్టు ఉంటుంది. మంచివాడన్న పేరు కూడా అందులో భాగమే. 2023లో మానే సౌదీలోని అల్ నస్ర్ క్లబ్బుకు వెళ్ళింది కూడా డబ్బు లేకుండా కాదు. సంపాదన తప్పని నేను అనడం లేదు, ఆరాధన మాత్రం వద్దంటున్నాను. నేనైతే ఒక్కటే చూస్తాను: ఫోటోలో తీసుకునేవాడి ముఖం ఉందా లేదా. పేదవాడి ముఖం చూపించి తెచ్చుకున్న పేరును నేను దానం అనను. ఆ మసీదు వీడియోలో అలాంటి ముఖం లేదు, ఒప్పుకుంటాను.

సమాధానం: కోటమిట్ట దుకాణదారు, నెల్లూరు

సలాం మాస్టారూ. ఆ ఉర్దూ మేడం నొచ్చుకున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. భక్తి ఉన్నవాడి మీదే ఈ అనుమానం ముందు పడుతుంది. కానీ నిజం చెప్పాలంటే, ఆ అనుమానం మీ స్నేహితుడి కంటే ముందు మా దీన్‌లోనే, అంటే మా మతంలోనే ఉంది. నలుగురూ చూడాలని చేసే పుణ్యాన్ని మేము రియా అంటాం. అది చిన్న పాపం కాదు. అల్లాహ్‌కు సాటి కల్పించడంలో అదొక రకమని, కంటికి కనబడకుండా లోపలికి జొరబడుతుందని పెద్దలు భయపెట్టేవారు. కుడి చెయ్యి ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని హదీసులో, అంటే ప్రవక్త మాటల్లో ఉంది. క్రైస్తవుల మత్తయి సువార్త ఆరో అధ్యాయంలోనూ దాదాపు అదే మాట ఉంది.

అయితే ఖురాన్ బహిరంగ దానాన్ని కాదనలేదు. బఖరా సూరా 271వ ఆయత్ చూడండి. దానాలు బహిరంగంగా ఇచ్చినా మంచిదే, దాచి పేదలకిస్తే మీకు ఇంకా మంచిది అంటుంది. జకాత్ వేరు: నిర్ణీత పరిమితికి మించి సంపద ఉన్నవాడు ఏడాదికి నూటికి రెండున్నర వంతు ఇచ్చి తీరాలి. అది బాకీ, గొప్ప కాదు. ఆసుపత్రి, బావి, బడి లాంటివి సదకా జారియా కిందికి వస్తాయి, అంటే పారుతూ ఉండే దానం. ఇచ్చినవాడు పోయినా, జనం దాన్ని వాడుకున్నన్నాళ్ళూ పుణ్యం వస్తూనే ఉంటుంది. తలుపులు మూతపడితే పుణ్యమూ ఆగుతుంది. ఈ లెక్కలో రిబ్బను కత్తిరించిన రోజుకు ప్రత్యేకమైన విలువ ఏమీ లేదు.

మనిషి నియ్యత్, అంటే లోపలి ఉద్దేశం, అల్లాహ్‌కే తెలుసు. మనం చూడగలిగింది ఏమిటంటే, అతని భక్తి అతనికి లాభం లేని చోట కూడా కనబడుతోందా అని. 2022లో జర్మనీ జట్టు బాయర్న్ మ్యూనిక్ బీరు కంపెనీ కోసం ఫోటో దిగింది. దాదాపు అందరి చేతుల్లో గ్లాసులు, మానే చేతిలో లేదు. కొత్త క్లబ్బు, కొత్త దేశం, అప్పుడే చేరిన మనిషి. అందరిలో కలిసిపోవడమే సులభం. నాకు మసీదు వీడియో కంటే ఆ ఖాళీ చేతులే ఎక్కువ చెప్పాయి.

సమాధానం: సింగరాయకొండ నుంచి ఒక తల్లి

మాస్టారు గారూ, ఒక్క మనవి. ఆ వీడియో చూపించి "మీరూ ఇలా శుభ్రం చేయండి" అని మాత్రం పిల్లలకు చెప్పకండి. కోట్లు సంపాదించే ఆటగాడు తనంతట తాను చీపురు పడితే అది వినయం. మన బడుల్లో ఆ పని ఏ వాడ పిల్లలకు చెబుతారో మీకూ తెలుసు. నా చిన్నప్పుడు మా తరగతిలో ఎవరిని పిలిచేవారో నాకు గుర్తుంది. పిలుపు వచ్చేది మా వీధి పిల్లలకే. తనకు తోచి చేయడానికి, పుట్టుకను బట్టి చేయించడానికి మధ్య ఉన్న తేడా పిల్లలకు తెలియకపోతే ఆ వీడియో వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. బడికి ఆయా ఉన్నారు కదా. ఆవిడకు జీతం నెలనెలా అందుతోందా అని అడగడం నేర్పండి.

సమాధానం: రిటైర్డ్ స్టాఫ్ నర్సు, ఉదయగిరి వైపు

నాయనా, నా ఉద్యోగమంతా మెట్ట ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే గడిచింది. దాతల సంగతి నాకు కొంచెం తెలుసు.

నేను పనిచేసిన చోట ఒక దాత కాన్పుల గది కట్టించారు. ఊరు పేరూ ఆయన పేరూ చెప్పను. ఆయన మనసు మంచిదే. తల్లి పేరు మీద కట్టించి, శిలాఫలకం ముందు నిలబడి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. గదికి పాలరాయి వేశారు, టేబుల్ కొన్నారు, అన్నీ కొన్నారు. కరెంటు పోతే ఏం చేయాలన్నది ఎవరికీ తట్టలేదు. కాన్పు తరువాత రక్తం ఆగడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉండాలి. వేసవిలో మా వైపు కరెంటు గంటల తరబడి ఉండేది కాదు. మందు సీసా చూడటానికి బాగానే ఉంటుంది, పనిచేసే గుణం మాత్రం తగ్గిపోతుంది. రాత్రి డ్యూటీకి రెండో నర్సు లేదు. కొన్నాళ్ళకు కాన్పులన్నీ పెద్దాసుపత్రికి రాసి పంపేవాళ్ళం. పాలరాయి గదిలో పాత బీరువాలు పెట్టారు.

అందుకే మనసు స్వచ్ఛమైనదా కాదా అన్న దగ్గరే ఆగిపోతే నాకు బాధగా ఉంటుంది. స్వచ్ఛమైన మనసుతో కట్టిన గది మూతపడింది. పేరు కోసం ఇచ్చినవాళ్ళ ఇన్వర్టర్ ఒకటి వేరే చోట ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆ ఇన్వర్టర్ మీద ఆయన పేరు ఎంత పెద్ద అక్షరాల్లో రాసి ఉన్నా నాకు అభ్యంతరం లేదు. ఆ వెలుతురులో ఎన్నో కాన్పులు చేశాను.

ఆ మానే అబ్బాయి గురించి చదివినప్పుడు నాకు నచ్చింది వేరే విషయం. ఆసుపత్రి తెరిచే ముందు వాళ్ళ దేశపు అప్పటి అధ్యక్షుడు మాకీ సాల్‌ను కలిసి దాని గురించి మాట్లాడాడని వార్త వచ్చింది. చాలామంది దాతలు అక్కడే పొరపడతారు. గోడలు ఒక్కసారి కడితే చాలు. డాక్టరుకు, నర్సుకు, మందులకు నెలనెలా కావాలి. ఎంత సంపాదించే ఆటగాడైనా కాలు బలం ఉన్నన్నాళ్ళే కదా. ప్రభుత్వాన్ని అందులోకి లాగినవాడు తన తరువాతి రోజుల గురించి ఆలోచించినట్టే. తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడికి ఆ ఆలోచన రావడంలో వింత లేదు. నటన అయితే గోడల దగ్గరే ఆగేది, నా నమ్మకం అది.

మీరన్నది కూడా నిజమే, రోగికి మనసుతో పని లేదు, పిల్లవాడికి ఉంది. అయితే ఆ మనసును వీడియోలో వెతకవద్దు. ఇచ్చినవాడు తిరిగి వచ్చి చూస్తున్నాడా, ఏది పాడైందో అడుగుతున్నాడా అన్నది చూడండి.

సమాధానం: ఒంగోలు చరిత్ర అధ్యాపకుడు

నర్సమ్మ చెప్పిన తరువాత చెప్పడానికి పెద్దగా లేదు. మన గడ్డ మీద జరిగింది ఒకటి మాస్టారికి పనికివస్తుందని రాస్తున్నాను.

1876–78 ధాత కరువులో ఒంగోలు అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండేది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. పనికి వచ్చినవారిలో ఎంతోమంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. మిషనరీకి అంతకంటే కావలసింది ఏముంటుంది? అయినా కరువు సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం దేవుణ్ణి ఒప్పుకున్నారన్న మాట రాకూడదన్నది ఆయన పట్టుదల. సాయం ముగిసే దశలో మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న ఒక్కరోజే వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ అంకెను గొప్పగా చెప్పుకునేవారు అంతకుముందు ఆపిన నెలలను మరచిపోతారు. నాకైతే ఆ ఆపడమే ముఖ్యం. మతం మారడం మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. తన సాయానికి ప్రతిఫలం వచ్చి చేతిలో పడుతున్న సమయంలో వద్దన్నాడు, అది మాత్రం కాదనలేం.

మానే విషయంలోనూ అక్కడే వెతకండి: తీసుకున్నవారి నుంచి ఏమైనా కోరుతున్నాడా? ఓటు, పొగడ్త, విధేయత, ఏదైనా సరే.

మళ్ళీ కావలి డ్రిల్లు మాస్టారు

అందరికీ నమస్కారం. సింగరాయకొండ అమ్మగారి మాట చదివాక వీడియో చూపించాలన్న ఆలోచన మానుకున్నాను. మా బడిలో ఆయా జీతం రెండు నెలలుగా రాలేదని ఇవాళ తెలిసింది. ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడాను, ఉత్తరం రాస్తున్నారు. కోటమిట్ట భాయ్ చెప్పిన బీరు గ్లాసు సంగతి మాత్రం శనివారం తప్పక చెబుతాను. ఉర్దూ మేడం సదకా జారియా గురించి తానే మాట్లాడతానన్నారు.

నర్సమ్మ గారూ, మీరు చెప్పింది పిల్లలకు మాటలతో చెబితే సరిపోదు. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి, కట్టడానికీ నడపడానికీ ఉన్న తేడా చూపించాలని ఉంది. వాళ్ళు ఏమి చూడాలి? ఎవరిని అడగాలి?

సమాధానం: రిటైర్డ్ స్టాఫ్ నర్సు, ఉదయగిరి వైపు

మంచి ఆలోచన నాయనా. ముందు మెడికల్ ఆఫీసరుకు చెప్పండి. బుధవారం, శనివారం వద్దు, టీకాల రోజులు, ఏఎన్‌ఎంలకు ఊపిరి ఆడదు. కాన్పుల గదిలోకి, వార్డులోకి పిల్లలను పంపకండి. ఫోన్లు బడిలోనే పెట్టి రమ్మనండి.

మందుల ఫ్రిజ్ పక్కన ఉష్ణోగ్రత రాసే పుస్తకం ఉంటుంది. అది చూపించమని అడగండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాయాలి, ఆదివారాలూ పండుగలూ కూడా. సంక్రాంతి రోజు ఎవరు వచ్చి రాశారో, ఇంటి నుంచి ఎంత దూరం వచ్చారో పిల్లలనే అడగనివ్వండి. కరెంటు పోతే ఫ్రిజ్‌లో చలి ఎంతసేపు ఆగుతుందో, జనరేటరుకు డీజిలు ఎవరి డబ్బుతో పోస్తారో కూడా అడగమనండి. గోడ మీద దాత పేరు ఉంటే రాసుకోమనండి. ఆయన మళ్ళీ ఎప్పుడు వచ్చాడో చాలాకాలంగా అక్కడున్న ఆయాకే తెలుస్తుంది, ఆవిడను అడగండి.