పిల్లల కండ్లల్ల నల్లపాప ఒకటి పెద్దగ, ఒకటి చిన్నగ ఉంటే?

మిర్యాలగూడ అమ్మ: మా బాబుకు మూడేండ్లు. ఫోన్‌ల ఫొటో పెద్దగ చేసి చూస్తే కుడికంటి పాప పెద్దగ, ఎడమది చిన్నగ కనబడ్డది. ఆడుతున్నడు, తింటున్నడు. నల్గొండల చూపియ్యాల్నా, సీదా హైదరాబాద్ పోవాల్నా?

పాలమూరు పోరడు: నాకు చిన్నప్పటి సంది ఉంది అక్కా. అయిదుగుర్ల ఒకరికి దాకా ఉంటదట. తేడా మిల్లీమీటరు లోపే ఉండి, వెలుతుర్ల, చీకట్ల ఒక్కతీరుగనే ఉంటే మామూలే అన్నరు. పుట్టెంటికల నాటి ఫొటోలు తీసి చూడు, అప్పుడూ అట్లనే ఉంటే కొత్తగొచ్చింది కాదు. మా అమ్మ ఇప్పటికీ దిష్టి అని మిరపకాయలు తిప్పుతది, అది వేరే కథ.

దేవరకొండ రైతుబిడ్డ: వినాయక చవితి పూజకు పత్రి కావాలని మా బిడ్డ ఉమ్మెత్తాకు తెంపి, అదే చేత్తోని కన్ను నులుముకుంది. పొద్దుగూకేసరికి ఒక కంటిపాప ఇంత పెద్దగైంది! టార్చి కొట్టినా ముడుచుకోలే. దవాఖానకు ఉరికితే డాక్టరు మొదలు అడిగిందే "ఏం చెట్టు ముట్టింది?" అని. కొన్ని దినాలకు దానంతటదే తగ్గింది.

గణపతి భక్తుడు: ఇరవై ఒక్క పత్రిల ఉమ్మెత్త ఉంటదని పూజను బద్నాం చేస్తరా? జిల్లేడు పాలు పడి ఉంటయ్.

దేవరకొండ రైతుబిడ్డ: పూజను ఎవరన్నరే? జిల్లేడు పాలు పడితే కన్ను ఎర్రగై చూపు మసకైతది. మా బిడ్డ కంట్ల ఎరుపు లేదు, మంట లేదు. నా ముందటనే తెంపింది.

గణపతి భక్తుడు: మా తాతల కాలం సంది తెంపుతున్నం. ఎవ్వరికేం కాలే.

జడ్చర్ల అద్దాల షాపు: ఈ లైన్‌ల నాకు తెల్వనిది లేదు, జర వినుండ్రి. ఉమ్మెత్తల అట్రోపిన్ ఉంటది. కండ్ల పరీక్షకు పాప పెద్దగ చేసే చుక్కల్లోనూ అదే జాతి మందు. ఆయాసానికి ఆవిరి పట్టే నెబ్యులైజర్‌ల ఇప్రాట్రోపియం అనే మందు పోసి, మాస్క్ సందు నుంచి ఆవిరి కంట్లకు పోయినా ఒక పాప పెద్దగైతది. తేడా చీకట్ల ఎక్కువైతే చిన్న పాపల తకరారు. వెలుతుర్ల ఎక్కువైతే పెద్ద పాపల.

గణపతి భక్తుడు: అద్దాలమ్మేటోళ్లు సుత డాక్టర్లయిండ్రు!

జడ్చర్ల అద్దాల షాపు: నీ చత్వారం అద్దాలు ఎవరిచ్చిండ్రో యాదికి తెచ్చుకో.

నాగర్‌కర్నూల్ టీచరు: కొట్లాట ఆపుతరా? అందరూ పెద్ద పాప ముచ్చటే. మా ఆడబిడ్డ కొడుక్కు ఒక పాప చిన్నగ ఉండె, ఆ దిక్కు రెప్ప జర వాలి ఉండె. ఎండల ఆడొస్తే సగం మొఖమే ఎర్రగయ్యేది. హార్నర్ సిండ్రోమ్ అన్నరు. కాన్పుల భుజం గుంజినప్పుడు కంటిపాపకు పోయే నరం దెబ్బతిన్నదట. అయినా మెడ, ఛాతీ స్కానింగ్, మూత్రం పరీక్ష చేయించిండ్రు. ఆ నరం మెడ, ఛాతీల నుంచే పోతది కాబట్టి, అక్కడ న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ లేదని రూఢి చేసుకోవాలె. ఇగ తలకు దెబ్బ తాకినంక పాప పెద్దగై, వాంతులు, మత్తు ఉంటే ఫోరంల అడగకుండ్రి, 108కి కొట్టుండ్రి.

మిర్యాలగూడ అమ్మ: రెప్ప మంచిగనే ఉంది. నిన్న ఆయాసానికి నెబ్యులైజర్ పెట్టించినం. మాస్క్ నిలువనియ్యలే, ఒకటే గుంజుడు. ఏం మందు పోసిండ్రో చీటీల చూస్తా.

పాలమూరు పోరడు: చీటీ పట్టుకొనే పో అక్కా, మొదలు నల్గొండలనే చూపియ్యి. వాళ్లు రాస్తే హైదరాబాద్‌ల మెహిదీపట్నం సరోజినీదేవి కండ్ల దవాఖాన ఉండనే ఉంది.

గణపతి భక్తుడు: ఇంతకీ అది తెల్ల ఉమ్మెత్తనా, నల్ల ఉమ్మెత్తనా?

దేవరకొండ రైతుబిడ్డ: తెల్లదే. ఏదైనా చేతులు కడుక్కోవాలె కద!