మొదటి బ్యాక్‌ప్యాకింగే ఐల్ రాయల్ దీవిలోనా? మా ఇంట్లో రెండు పార్టీలు

బీచ్‌రోడ్_నడక
అందరికీ నమస్తే. ఆగస్టు చివర్లో డెట్రాయిట్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్తున్నాను. నేను అడక్కుండానే వాడు ఒక ప్లాన్ వేసి పెట్టాడు. లేక్ సుపీరియర్ అనే పెద్ద సరస్సు మధ్యలో ఐల్ రాయల్ అని ఒక దీవి ఉందట, నేషనల్ పార్కు. మిషిగన్‌లోనే ఉన్న హౌటన్ అనే ఊరి నుంచి ఓడలో ఆరు గంటలు. దిగాక రోడ్డు లేదు, బండి లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. రాక్ హార్బర్‌లో దిగి, దీవి పొడవునా సాగే గ్రీన్‌స్టోన్ రిడ్జ్ అనే కొండవరస మీదుగా అవతలి కొసన ఉన్న విండిగో దాకా అయిదు రోజుల నడక, సుమారు 65 కిలోమీటర్లు. టెంటు, తిండి, పడక అన్నీ వీపు మీదే. చివర్లో సీప్లేన్‌లో (నీళ్ల మీద దిగే చిన్న విమానం) వెనక్కి రావడం.

నాకు 43. ఇంతవరకూ టెంట్‌లో పడుకోలేదు. కానీ రోజూ పొద్దున్నే మన వైజాగ్ బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసే టైములో ఎనిమిది కిలోమీటర్లు నడుస్తాను. సింహాచలం గిరి ప్రదక్షిణ మూడుసార్లు పూర్తి చేశాను. మా వారేమో "ముందు అరకులో ఒక్క రాత్రి టెంట్‌లో పడుకుని చూపించు, తర్వాత అమెరికా దీవులు" అంటున్నారు. తమ్ముడు "మొదటిదే గట్టిది చేసేస్తే మిగతావన్నీ తేలికక్కా" అంటాడు. వాడు చేసినవీ రెండే ట్రిప్పులు, అది వేరే సంగతి. మీరేమంటారు?

తొలిపావంచా
నా ఓటు మీ వారికే మేడమ్. ప్రదక్షిణ నేనూ ఏటా చేస్తాను కాబట్టి చెప్తున్నా, దాన్ని ఈ లెక్కలోకి తేకండి. 32 కిలోమీటర్లు నడుస్తాం, నిజమే. చేతిలో ఏముంటుంది? కొబ్బరికాయ, అదీ తొలిపావంచా (కొండ మొదటి మెట్టు) దగ్గర కొట్టేసే బయల్దేరతాం. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు వద్దన్నా చేతిలో పెడతారు. హనుమంతవాక దాటాక కాలు పట్టేస్తే ఆటో ఎక్కి ఇంటికి పోవచ్చు, అప్పన్న ఏమీ అనుకోడు. ఆ దీవిలో మూడో రోజు మోకాలు పట్టేస్తే? ముందుకెళ్లినా ముప్ఫై కిలోమీటర్లు, వెనక్కొచ్చినా ముప్ఫై.

గంగవరం_కెరటం
దీవే కావాలంటే మన పోర్టు నుంచి అండమాన్ ఓడ ఉండగా అంత దూరం ఎందుకక్కా? అక్కడ దిగితే సగం మంది మన శ్రీకాకుళం వాళ్లే. ఆకలేస్తే ఎవరో ఒకరు పిలిచి అన్నం పెడతారు.

హౌటన్_చలి
@గంగవరం_కెరటం ఓడలోనే రెండు రోజులు దాటిపోతుంది తమ్ముడూ. పైగా అక్కడ ఎక్కడ పడితే అక్కడ టెంట్ వేస్తానంటే కుదరదు. గిరిజన రిజర్వుల్లో అడుగు పెట్టడమే నేరం. వాగులు సముద్రంలో కలిసే చోట్ల ఉప్పునీటి మొసళ్లుంటాయి. అండమాన్ మంచి ట్రిప్పే, కానీ అక్కయ్య అడుగుతున్న రకం కాదు.

ఇక అసలు విషయం. నేను హౌటన్‌లో రెండేళ్లు చదువుకున్నాను, ఐల్ రాయల్ రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మేం నలుగురం, నలుగురికీ అదే మొదటి బ్యాక్‌ప్యాకింగ్. కాబట్టి "మొదటిసారి వెళ్లకూడదు" అని నేను చచ్చినా అనను. అయితే ఏం జరిగిందో పూర్తిగా వినండి.

ఓడ మధ్యాహ్నం మూడింటికి దించింది. రేంజర్ దగ్గర పర్మిట్ పనయ్యేసరికి ఇంకొంత సేపు. ఆ రోజే డెయిసీ ఫామ్ క్యాంపు చేరాలని ప్లాన్, 11 కిలోమీటర్లు. మ్యాపులో ఒడ్డు వెంబడి సాఫీగా కనిపించే దారి నిజానికి అంతా రాళ్లు, వేళ్లు, వాలు బండలు. గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. నా బ్యాగ్ 19 కిలోలు. ఎందుకంటే అందులో నాలుగు కిలోల సోనామసూరి, స్టీలు గిన్నె, అమ్మ పంపిన గాజుసీసాలో ఆవకాయ. త్రీ మైల్ క్యాంపు దగ్గరే చతికిలబడ్డాం. బ్యాగ్ దించగానే సీసా పగిలిందని వాసన చెప్పింది. స్లీపింగ్ బ్యాగ్ సగం ఆవకాయ నూనె. ఆ రాత్రి అందులోనే పడుకున్నాను, వేరే గతి లేదు.

పొద్దున లేచేసరికి నా చెప్పు ఒకటి లేదు. అయిదు అడుగుల దూరంలో ఎర్రనక్క ఒకటి, ఇడ్లీ బండి దగ్గర కుక్కలాగా, ఏమాత్రం బెదురు లేకుండా నిలబడి చూస్తోంది. అక్కడి నక్కలకు బూట్లు, చెప్పులు ఎత్తుకుపోవడం అలవాటట. రేంజర్ ముందే చెప్పాడు, మేమే వినలేదు.

ఇంత జరిగినా ఎవరికీ ఏమీ కాలేదంటే ఒక కారణం ఉంది. మేం దిగిన రేవు నుంచే తిరుగు ఓడ ఎక్కే టికెట్ కొన్నాం. రెండో రోజు పరిస్థితి అర్థమై, విండిగో ఆశ వదిలేసి, డెయిసీ ఫామ్‌లో రెండు రాత్రులుండి వెనక్కొచ్చేశాం. అందుకే నా మాట: దీవి సమస్య కాదు, ఒక కొసన దిగి ఇంకో కొసన ఎక్కడమే సమస్య. అది రెండోసారికి దాచుకోండి.

తొలిపావంచా
@హౌటన్_చలి మీ కథ నా వాదనే బలపరుస్తోంది కదండీ. ఆవకాయ సీసా ఇక్కడ సింహాచలం కొండకెక్కే మాధవధార మెట్ల మీద పగిలి ఉంటే ఇంటికొచ్చి స్నానం చేసేవారు. తప్పులన్నీ ఇంటి దగ్గర చేసి, అక్కడికి తెలివిగా వెళ్లాలంటాను.

హౌటన్_చలి
కొన్ని తప్పులు ఇంటి దగ్గర చేయలేం గురువు గారూ. అరకులో టెంట్ అంటే ఏమిటి? ఎవరో వేసి ఉంచుతారు, లోపల పరుపు, బయట బొంగులో చికెన్, రాత్రి పదకొండు దాకా స్పీకర్లు. దాన్నుంచి బ్యాక్‌ప్యాకింగ్ గురించి ఏం నేర్చుకుంటాం?

తొలిపావంచా
స్పీకర్ల మాట ఒప్పుకున్నాను. మిగతాది ఒప్పుకోను.

సీతమ్మధార_డాక్టర్
మీరిద్దరూ పోట్లాడుకోండి, నేను నీళ్ల గురించి చెప్తాను. ఆ దీవిలో తోడేళ్లు, మూస్‌లు (దుప్పి జాతిలో అన్నిటికన్నా పెద్దది) ఉంటాయి. వాటి మధ్య తిరిగే ఒక రకం బద్దెపురుగు గుడ్లు నీళ్లలో కలుస్తాయి. అవి మన కడుపులోకి వెళ్తే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు కడతాయి, బయటపడేది ఏళ్ల తర్వాత. క్లోరిన్ బిళ్లలకు ఆ గుడ్లు చావవు. 0.4 మైక్రాన్ లేదా అంతకన్నా సన్నటి ఫిల్టర్‌తో వడకట్టాలి, లేదా తెర్లేలా మరిగించాలి. సరస్సు అద్దంలా ఉందని దోసిలితో తాగకండి. లోపలి చెరువుల్లో నీళ్లు పచ్చగా పాచి కట్టి ఉంటే వాటి జోలికే వద్దు, మరిగించినా ఆ విషం పోదు.

మోకాలు సంగతి: బీచ్ రోడ్డు చదునుగా ఉంటుంది, అది మీ గుండెకు మంచిది. బరువుతో దిగడం వేరే కండరాల పని.

బీచ్‌రోడ్_నడక
డాక్టర్ గారూ, చాలా థాంక్స్. బిళ్లలు చాలనుకుని తమ్ముడు అవే కొన్నాడు! మా అబ్బాయి తోడేళ్ల గురించి టెన్షన్ పడుతున్నాడు, అదీ ఎవరైనా చెప్పండి.

హౌటన్_చలి
రెండు ట్రిప్పుల్లో తోడేలు కనిపించలేదక్కా, ఒకసారి అరుపు మాత్రం విన్నాను. ఆ దీవిలో తోడేళ్లనూ మూస్‌లనూ 1958 నుంచి విడవకుండా లెక్కపెడుతున్నారు. తమలో తామే కలిసి జాతి బలహీనపడి, 2018కి రెండే తోడేళ్లు మిగిలాయి. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ కలిపి బయటి నుంచి 19 తెచ్చి వదిలారు. భయపడాల్సింది పిల్లతో ఉన్న ఆడ మూస్‌కి. చెవులు వెనక్కి పెట్టిందంటే చెట్టు చాటుకు పోండి. ఎలుగుబంట్లు అసలే లేవు. అమెరికాలో మిగతా చాలా పార్కులకన్నా ఆ విషయంలో ఇదే నయం.

ఇంకోటి, చాలా క్యాంపుల్లో మూడు వైపులా చెక్క, ముందు దోమతెర ఉన్న గదులుంటాయి. ముందొచ్చిన వాళ్లకు ముందు. దొరకదని అనుకునే టెంట్ పట్టుకెళ్లాలి. స్టవ్ గ్యాస్ డబ్బా ఫ్లైట్‌లో ఎక్కనివ్వరు, హౌటన్‌లోనే కొనండి.

గంగవరం_కెరటం
సీప్లేన్ మాత్రం వదలకక్కా. ఫొటోలకైనా.

హౌటన్_చలి
పొగమంచు పడితే అది ఎగరదు బాబూ. విండిగోలో తిండి అయిపోయి రెండు రోజులు ఆకాశం చూస్తూ కూర్చుంటే ఫొటోలు బాగా వస్తాయి.

బీచ్‌రోడ్_నడక (రెండు వారాల తర్వాత)
చిన్న అప్‌డేట్. పక్కింటి అబ్బాయి ట్రెకింగ్ బ్యాగ్ అడిగి తెచ్చుకుని, అందులో రెండు అయిదు కిలోల బియ్యం సంచులు, రెండు లీటర్ల నీళ్లు పెట్టి మాధవధార వైపు నుంచి కొండ ఎక్కాను. ఎక్కడం పర్వాలేదు. దిగేటప్పుడు సగంలో తొడలు గజగజ వణికి, మెట్టు మీద కూర్చుండిపోయాను. పువ్వుల బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ పక్క నుంచి చకచకా దిగిపోతూ, "ఏటమ్మా, బియ్యం సామికి మొక్కా?" అంది. నడుం బెల్టు బిగించకుండా బరువంతా భుజాల మీదే మోశానని ఇంటికొచ్చాక తమ్ముడు వీడియో కాల్‌లో చెప్తే తెలిసింది. తర్వాత నాలుగుసార్లు వెళ్లాను. నిన్న ఎక్కడా కూర్చోలేదు.

విండిగో తీసేశాం. వెళ్లే ఓడలోనే వెనక్కి. మొదటి రాత్రి త్రీ మైల్, తర్వాత డెయిసీ ఫామ్‌లో సామాను ఉంచి, ఖాళీ వీపుతో ఒజిబ్వే కొండ మీది టవర్ దాకా వెళ్లి రావడం. అలా చేస్తే గ్రీన్‌స్టోన్ రిడ్జ్ మీద కాలు పెట్టినట్టూ ఉంటుంది. బిళ్లలు పక్కన పడేసి ఫిల్టర్ కొన్నాం. తమ్ముడు రెండు రోజులు అలిగాడు, "ఇది పిక్నిక్" అన్నాడు. అననీ.

మా వారి కండిషన్ కూడా ఉండిపోయింది. ఈ శనివారం అరకు, రిసార్టు టెంటు కాదు, మేమే వేసుకుంటాం. ఆయనా వస్తున్నారు.

తొలిపావంచా
నా ఓటు మారలేదు మేడమ్, అయినా సంతోషం. శనివారం వాన పడుతుందంటే మానేయకండి, పడుతుందనే వెళ్లండి. తడిసిన టెంట్ మడతపెట్టి మోస్తే బరువు ఎంత పెరుగుతుందో తెలుస్తుంది.

హౌటన్_చలి
ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో. చెప్పులు టెంట్ లోపల.