నాన్న కారు తాళాలు దాచేయడం సరైనదేనా?

తార్నాక వాసి:
మా నాన్నకి 76. నలభై ఏళ్లుగా కారు నడుపుతున్నారు, ఎవరికీ చిన్న దెబ్బ తగలనివ్వలేదు. పోయిన నెల కారు ఎడమ తలుపు మీద పసుపు గీత కనిపించింది. మా గేటు స్తంభం రంగే అది. అడిగితే "ఎప్పుడు తగిలిందో తెలీలేదురా" అన్నారు. గీత సంగతి సరే, తగిలినట్టే తెలియలేదంటే భయమేసింది. అన్నయ్యేమో తాళాలు దాచేయమంటున్నాడు. నాకు మనసొప్పట్లేదు. మీ ఇళ్లలో ఏం చేశారు?

ఉప్పల్ కోడలు:
దాచేయండి. మేం మొహమాటపడి ఆలస్యం చేశాం. మా మామయ్యగారికి నీటికాసులు, అదే గ్లకోమా అనే కంటి జబ్బు. నొప్పి ఉండదు, ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కచూపు మాత్రం కొంచెం కొంచెంగా పోతుంది. మనిషికే తెలియదు. ఓ సాయంత్రం పక్కనుంచి స్కూటీ మీద వస్తున్న అమ్మాయిని ఆయన చూసుకోలేదు. ఆ పిల్ల మోచేయి విరిగింది. ఆ తర్వాత నెల రోజులు ఆయన సరిగ్గా అన్నం తినలేదు. డెబ్బై దాటితే స్టీరింగ్ ఇవ్వకూడదనేదే నా మాట.

రిటైర్డ్ ఇంజినీర్:
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ వయసు చూసి ఆపేయడం అన్యాయం. సొంత బండి నడపడానికి ఇంత వయసు వరకే అని చట్టంలోనే లేదు. 55 దాటాక లైసెన్స్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, డాక్టరు సంతకంతో ఫారం 1ఏ ఇవ్వాలి. నాకు 72. ఎదుటి బండ్ల ఎల్ఈడీ లైట్లకు కళ్లు చెదురుతున్నాయని రాత్రిళ్లు నడపడం మానేశాను. వానలో బండి తియ్యను, అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కను. కొత్త మందు రాస్తే మత్తు వస్తుందా అని డాక్టర్ని అడుగుతాను. షుగర్ ఉంది కాబట్టి బయల్దేరే ముందు వేలు గుచ్చి చూసుకుంటాను, డాష్‌బోర్డులో గ్లూకోజ్ ఉంచుకుంటాను. మాలాంటివాళ్ల తాళాలు దాచేస్తే మమ్మల్ని దొంగల్లా చూసినట్టే.

ఉప్పల్ కోడలు:
మీరు జాగ్రత్తపరులు అంకుల్. అందరూ అలా ఉండరు. మనిషిని సరిగ్గా చూడకుండానే ఆ ఫారం మీద సంతకం పెట్టేసేవాళ్లున్నారు, మా మామయ్యగారికీ అలాగే పెట్టారు. పైగా ఐదేళ్లలో చూపు ఎంత మారిపోతుందో!

తార్నాక వాసి:
వారం రోజులు ఏమీ అనకుండా నాన్న పక్క సీట్లో కూర్చున్నాను. తిన్నటి రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. మన ఊళ్లో కూడళ్లు మూసేసి యూటర్న్‌లు పెట్టారు కదా, అక్కడ తేలింది. మెడ తిప్పి చూడలేక అద్దం ఒక్కటే చూసుకుంటున్నారు. వెనకవాళ్లు హారన్ కొట్టేసరికి కంగారుపడి ముందుకు పోనిచ్చారు. పక్కనే బస్సు. నా వైపు బ్రేకు లేకపోయినా నా కాలు నేలకేసి నొక్కేసింది. ఇంటికొచ్చి టీ తాగుతుంటే ఆయనే "మెడ తిరగట్లేదురా" అన్నారు.

అప్పుడు అడిగాను, వారంలో కారు ఎక్కడెక్కడికి వెళ్తోందని. క్యాలెండర్ వెనక రాశారు: గురువారం బాబా గుడి, అమ్మ ఫిజియోథెరపీ, రైతుబజార్, అమీర్‌పేటలో అత్తయ్య ఇల్లు. దారి చూపించకుండా కారు వదలమంటే ఇవన్నీ వదలమన్నట్టే కదా! అమీర్‌పేటకి తార్నాక నుంచి ఒకటే మెట్రో, మారక్కర్లేదు, లిఫ్టులున్నాయి. ఆర్టీసీ బస్సులో అమ్మకి మహాలక్ష్మి పథకం కింద ఉచితమే గానీ బస్సు మెట్లు ఆవిడ మోకాళ్లకి కష్టం. అందుకే ఫిజియోథెరపీకి వీధి చివరి ఆటో అతనితో నెలకి మాట్లాడుకున్నాం. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, పెట్రోలు నాన్నే లెక్కేసి, ఆటోకి అంతకంటే తక్కువే అవుతుందన్నారు. గుడికి మాత్రం పొద్దున్నే, యూటర్న్ లేని దారిలో తానే నడుపుతానన్నారు, అదీ కంటి పరీక్షలో బాగుందంటేనే. తాళం నాన్న దగ్గరే ఉంటుందని అన్నయ్యకి చెప్పేశాను.

ఉప్పల్ కోడలు:
ఆ గుడి దారి కూడా నాకు ధైర్యం చాలట్లేదు. సరే, ఫీల్డ్ టెస్ట్, అంటే పక్కచూపు చూసే కంటి పరీక్ష, కావాలని అడిగి మరీ చేయించండి. పక్కచూపు పోయిందా అన్నది మామూలు కళ్లజోడు పరీక్షలో బయటపడదు.

తార్నాక వాసి:
తప్పకుండా అడుగుతానండి. శనివారం అపాయింట్‌మెంట్. మెట్రోలోనే వెళ్తున్నాం, నాన్న నిన్ననే కార్డు తీసుకున్నారు.