నెల రోజులకు కొత్త క్యాంపుగ్రౌండ్: దిగగానే ఏ పని ముందు?

చక్రాల సంసారం:
నమస్కారమండీ. డాలస్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఇద్దరం ట్రక్కుతో లాగే ఇంటి ట్రైలర్‌లోనే ఉంటూ ఉద్యోగాలు చేసుకుంటున్నాం. శనివారం న్యూ బ్రాన్‌ఫెల్స్ దగ్గర, గ్వాడలూప్ నది ఒడ్డున ఉన్న క్యాంపుగ్రౌండ్‌కు నెల రోజులకు వెళ్తున్నాం. ఇంతవరకు ఎక్కడా రెండు మూడు రాత్రులకు మించి ఆగలేదు. దిగాక పనులు ఏ వరుసలో చేసుకోవాలి? మాది 30 ఆంప్ ట్రైలర్. సాయంత్రం ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ స్టవ్ వేస్తే బ్రేకర్ పడిపోతోంది, దానికి మార్గం ఉందా? మురుగు గొట్టం ఎలాగూ తగిలించే ఉంటుంది కాబట్టి ట్యాంకుల (మరుగుదొడ్డిది, వాడిన నీళ్లది) వాల్వులు రెండూ తెరిచి వదిలేయమని ఒకరు అన్నారు. అది సరైనదేనా?

పాత బాటసారి:
ట్రక్కు నుంచి ట్రైలర్‌ను విడదీయకముందే సైట్‌ను, అంటే మీకిచ్చిన స్థలాన్ని, పరీక్షించండి. మిగతా వరుస అంతా దాని తర్వాతే. స్లయిడ్లు (బయటికి జరిగే గది భాగాలు) తెరిచి, కుర్చీలు వేసుకున్నాక కరెంటు బాగాలేదని తెలిస్తే మళ్లీ అన్నీ సర్దుకుని వేరే సైట్‌కు మారడానికి ఎవరికీ మనసొప్పదు. నెలంతా సణుక్కుంటూ అక్కడే గడిపేస్తారు.

ముందు కరెంటు పెట్టె. బ్రేకర్ ఆపి, సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు హెచ్చుతగ్గుల నుంచి కాపాడే పరికరం) తగిలించి, అప్పుడు బ్రేకర్ వేసి చూడండి. 120 వోల్టులకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. మంచి ప్రొటెక్టర్లు దాదాపు 104 కంటే తగ్గినా, 132 దాటినా తామే కరెంటు ఆపేస్తాయి. పొద్దున బాగుందని మురిసిపోవద్దు. వేసవి మధ్యాహ్నం అందరి ఏసీలూ నడిచేటప్పుడు ఇంకోసారి చూడండి. సాకెట్ నల్లగా కాలి ఉన్నా, ప్లగ్ వదులుగా కూర్చున్నా ఆఫీసులో చెప్పండి. పక్కనే 50 ఆంప్ సాకెట్ ఉంటే అడాప్టర్‌తో దానికి తగిలించుకోవచ్చు. మీ ట్రైలర్ లోపలి బ్రేకర్ 30దే కాబట్టి అదనపు కరెంటేమీ రాదు, అరిగిపోయిన సాకెట్ బెడద మాత్రం తప్పుతుంది.

ట్రైలర్ ఇంకా హిచ్‌కు (ట్రక్కుకు తగిలించే కొక్కేనికి) ఉండగానే రసమట్టం పెట్టి, పల్లంగా ఉన్న వైపు చక్రాల కింద పలకలు వేయండి. చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టాకే విడదీయండి. తర్వాత జాక్‌తో ముందు వెనుకలు సరిచేసి, స్టెబిలైజర్లు దించండి. అవి ఊగకుండా ఆపడానికే, బరువెత్తడానికి కాదు. గ్యాస్‌తో కూడా నడిచే ఫ్రిజ్ అయితే మట్టం విషయంలో రాజీ పడకండి. వాలుగా ఉంటే దాని లోపలి ద్రవం సరిగ్గా తిరగక క్రమంగా పాడవుతుంది.

నీళ్ల ప్రెషర్ రెగ్యులేటర్‌ను కుళాయి దగ్గరే బిగించండి, గొట్టానికీ రక్షణ ఉంటుంది. 45 పీఎస్‌ఐ (నీటి ఒత్తిడి కొలమానం) చాలు. అక్కడంతా సున్నపురాయి నేల, నీళ్లలో ఖనిజాలు ఎక్కువ. ఫిల్టర్ కూడా పెట్టుకోండి.

ఇక వాల్వుల సంగతి. మరుగుదొడ్డి ట్యాంకు వాల్వు తెరిచి వదిలేయమన్న సలహా వినకండి. ద్రవం ఎప్పటికప్పుడు జారిపోయి, గట్టి పదార్థం ట్యాంకులోనే, మరుగుదొడ్డి గొట్టం కింద పుట్టలా పేరుకుంటుంది. మూడింట రెండు వంతులు నిండేదాకా మూసి ఉంచి, ముందు దాన్ని వదిలి, ఆ వెంటనే వాడిన నీళ్ల ట్యాంకు వదలండి. ఆ నీళ్లే గొట్టాన్ని కడుగుతాయి.

తాలింపు అక్క:
బ్రేకర్ గురించి నేను చెబుతానమ్మా. 120 వోల్టుల మీద 30 ఆంప్‌లంటే 3,600 వాట్లు, అంతే. ఏసీకి సుమారు 13 ఆంప్‌లు, ఇండక్షన్ పూర్తి మంట మీద ఉంటే 15. నీళ్ల హీటర్ కరెంటు మీదే ఉందంటే ఇంకో 12. మొత్తం 40. పడక ఏం చేస్తుంది? వంట చేసేటప్పుడు హీటర్‌ను గ్యాస్‌కు మార్చండి, ఇండక్షన్‌ను సగానికి తగ్గించండి. పప్పు, అన్నం కుక్కర్‌లో గ్యాస్ పొయ్యి మీదే పెట్టేస్తే అసలు గొడవే లేదు.

ఇంకో మాట. చాలా ట్రైలర్లలో పొయ్యి పైన ఉండే ఫ్యాను గాలి బయటికి పోవాలంటే బయటి గోడకున్న మూత గొళ్లెం తిప్పాలి. ప్రయాణంలో అది మూసి ఉంటుంది. తిప్పకుండా పోపు పెడితే ఘాటంతా పడక మీదే. తాలింపు నూనె సింకులో పోయకండి, ట్యాంకు కంపు కొడుతుంది.

పాత బాటసారి:
అక్కగారు కరెంటు ఎత్తారు కాబట్టి ఇది కూడా. బంధువుల ఇంటి ముందు ఆపినప్పుడు బట్టల డ్రయర్ సాకెట్‌కు ట్రైలర్ తగిలించకండి. దాని మీదా 30 ఆంప్ అనే రాసి ఉండవచ్చు, కానీ అది 240 వోల్టులు. ట్రైలర్‌లో ఉన్నవన్నీ కాలిపోతాయి.

నీటివార:
నది ఒడ్డు అన్నారు కాబట్టి అడుగుతున్నాను, మీ సైట్ నీటికి ఎంత ఎత్తులో ఉంది? 2025 జూలై 4 తెల్లవారుజామున ఇదే నది ఎగువన, కెర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), ఇలాంటి ట్రైలర్లు నిలిపే ఆర్‌వీ పార్కులను కూడా ఊడ్చుకుపోయింది. మీకు పైన కాన్యన్ లేక్ డ్యాం ఉందని ధైర్యం చెబుతారు. 2002 జూలైలో ఆ డ్యాం స్పిల్‌వే (అదనపు నీరు పోయే అలుగు) మీదుగానే నీళ్లు పొంగాయి. డ్యాంకు దిగువన కురిసే వానను డ్యాం ఎలాగూ ఆపలేదు.

దిగిన రోజే మీరు ఏ కౌంటీలో ఉన్నారో అడిగి రాసిపెట్టుకోండి. వరద హెచ్చరికల్లో కౌంటీ పేరు చెబుతారు. దారినపోయే మనకు అది తెలియదు. న్యూ బ్రాన్‌ఫెల్స్ కోమల్ కౌంటీలో కొంత, గ్వాడలూప్ కౌంటీలో కొంత ఉంది. రాత్రి ఫోనులో అత్యవసర హెచ్చరికల మోత ఆపకండి. చీకట్లో గట్టు ఎక్కే దారి పగలే నడిచి చూడండి. నీరు వస్తే ట్రైలర్ వదిలేసి మనుషులు వెళ్లిపోవడమే. హిచ్ తగిలించే ప్రయత్నం వద్దు.

చక్రాల సంసారం:
అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే ఆఫీసుకు ఫోన్ చేశాను. మాది ఒడ్డుకు ఆనుకున్న వరుసేనట. పై వరుసలో ఒక సైట్ ఖాళీగా ఉంది, నది కనిపించదు, 50 ఆంప్ సాకెట్ ఉంది. దానికి మార్పించాను. అక్కా, ఆ మూత గొళ్లెం ఎటు తిప్పాలి?

తాలింపు అక్క:
రెండు పక్కలా చిన్న గొళ్లేలు ఉంటాయి చూడు. మూత వేలితో ఎత్తితే తేలిగ్గా లేచేటట్టు రెండూ పక్కకు తిప్పు. బయలుదేరే రోజు మళ్లీ బిగించు, లేకపోతే దారంతా టపటపలే.