హాలు గోడలకు ఐవరీయా, హాఫ్ వైటా?

తెనాలి_ఇల్లు: మా పాత ఇంటి హాలుకు పుట్టీ, ప్రైమర్ పూర్తయ్యాయి. కిటికీలు ఉత్తరం వైపున్నాయి, నేల ఎర్ర గచ్చు. ఐవరీలో పసుపు జీర, హాఫ్ వైట్‌లో కాస్త బూడిద జీర ఉన్నాయి. ఏది వేయించాలో చెప్పగలరు.

రంగులపనివాడు: ఐవరీ వేయించండి. ఉత్తరపు కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువకాలం నేరుగా ఎండ పడదు కనుక, ఆకాశపు నీలి వెలుతురులో బూడిద జీర ఉన్న గోడ మబ్బుపట్టినట్లు కనిపిస్తుంది.

తెల్లగోడ: ఎర్ర గచ్చు మీద పడిన వెలుతురు గోడల అడుగుభాగాన్ని ఎలాగూ ఎర్రబరుస్తుంది. దానికి పసుపు తోడైతే గోడ కొత్తగా ఉండగానే మాసినట్లుంటుంది. ఐవరీ వేయించి మూడేళ్లు బాధపడ్డాను. వచ్చిన ప్రతి చుట్టమూ రంగు ఎప్పుడు వేయిస్తారని అడిగేవారు.

రంగులపనివాడు: మీ ఇంట్లో పసుపు వెలుతురిచ్చే 2700 కెల్విన్ బల్బులు ఉండి ఉంటాయి. వాటి కింద ఏ తెలుపైనా పసుపుగానే కనిపిస్తుంది, తెల్లని వెలుతురిచ్చే 6500 కెల్విన్ దీపం పెట్టి చూడండి.

తెల్లగోడ: అడిగినది గోడ గురించి, బల్బు గురించి కాదు.

కొత్తకాపురం: రెండడుగుల అట్టలపై రెండేసి కోటింగులు వేసి, ఆరాక పగలూ రాత్రీ చూడండి.

రంగులపనివాడు: బల్బు గురించి కాదనడం అన్యాయం. దీపాలు మార్చి, రంగు తేడా వచ్చిందని నా పది రోజుల కూలి ఎగ్గొట్టిన ఇల్లు ఒకటుంది.

తెల్లగోడ: ఆ కోపం మాపై చూపకండి. ఇంతకూ తెనాలి వారూ, ఆ ఇంట్లో ఉండేది ఎవరు?

తెనాలి_ఇల్లు: అమ్మ ఒక్కరే. నేను హైదరాబాదులో ఉంటాను. అమ్మ ఐవరీ అంటోంది, నాకేమో హాఫ్ వైటే నచ్చింది, డబ్బు నాదే. మొన్న అట్టలు చూపిస్తే, శుక్లం ఆపరేషన్ అయిన కుడికంటికి హాఫ్ వైట్ నీలంగా ఉందని, ఎడమకంటిని మాత్రమే తెరిచి చూస్తే రెండూ ఒకటేనని చెప్పింది. చాదస్తమని కసురుకున్నాను.

రంగులపనివాడు: అది చాదస్తం కాదండీ. శుక్లం పట్టిన కన్ను పసుపు గాజులోంచి చూసినట్లు చూస్తుంది. రోజంతా ఆ గోడల మధ్య ఉండేది ఆవిడే కనుక ఆవిడ మాటే వినాలి.

తెల్లగోడ: డబ్బు పెట్టినవారికీ ఒక మాట ఉండాలి.

తెనాలి_ఇల్లు: వచ్చే నెల ఎడమకంటికీ ఆపరేషన్ ఉంది. అంతవరకు హాలు ఆపి, వంటిల్లు, పడకగది వేయిస్తాను. తరువాత అట్టలు అమ్మ చేతికే ఇస్తాను.

తెల్లగోడ: అలాగే కానివ్వండి, కానీ ఆ అట్టలను గచ్చుకు దగ్గరగా నిలబెట్టి చూపించండి.